బావ హార్మోనియానికి చిలుము వదిలిన రోజు

కార్తీక సోమవారం, సాయంత్రం నాలుగు గంటలు. చీపురుపల్లిలో మా మేనల్లుడి కార్బురేటర్ల రిపేరు షాపు. ఉన్నవారు: నేను, మేనల్లుడు, వాడి తండ్రి అయిన మా బావ. పాత నాటక సమాజం వాళ్లు మర్నాడు బావకు సన్మానం తలపెట్టారు. అక్కడ వాయించాల్సిన హార్మోనియం సరిగా పలకడం లేదని ఆయన మోయించుకొచ్చాడు.

"నా వేళ్లకేటీ నేదురా, రీడ్లకి చిలుము పట్టీసినాది" అన్నాడు.

ఆయన రీడ్ల మీద నెపం పెట్టడం నేను మొదట చూసింది కోటబొమ్మాళి నాటకం పందిట్లో, నాకు ఇరవై రెండేళ్లప్పుడు. పద్యం మధ్యలో ఆయన వేలు తప్పింది, జనం ఈలలు వేశారు, వెంటనే బామ్మర్దినైన నేను రీడ్లను చింతపండు పెట్టి రుద్ది శ్రుతి పాడుచేశానని అందరి ముందూ చెప్పేశాడు, జనం నా వైపు తిరిగి నవ్వారు. ఆ పెట్టె నేను తెరవనే లేదని ఆనాటి డైరీలో ఉంది గాని, నా డైరీ ఎవరు చదువుతారు? అప్పటిదాకా నేనూ అంతో ఇంతో వాయించేవాణ్ణి, ఆ తర్వాత నన్నెవరూ హార్మోనియం ముందు కూర్చోనివ్వలేదు. తాలూకా ఆఫీసులో గుమాస్తానయ్యాను, ఫైళ్లతో పాటు ఆ కోపాన్నీ చెదలు పట్టకుండా కాపాడుకున్నాను.

మేనల్లుడు ఇత్తడి రీడ్లు ఒక్కొక్కటే విప్పి, తీగబుట్టలో పేర్చి, శబ్ద తరంగాలతో శుభ్రం చేసే స్టీలు తొట్టెలోని ద్రావణంలోకి దించాడు. తొట్టె గుయ్యిమంది, ఎవరూ చెయ్యి పెట్టకుండానే ఆకుపచ్చ మురికి పొగలా లేచింది. మా రోజుల్లో పూటంతా బూడిదతో తోమినా ఆ సందుల్లోది వచ్చేది కాదు, పైగా గట్టిగా గీస్తే స్వరమే మారిపోయేది.

"మావా, గడియారం సూడు, అయిదు నిమిషాలకి తీసీ. ఎక్కువుంటే ఇత్తడి ఎర్రబడిపోతాది, మరి పనికిరాదు" అని వాడు టీ తేవడానికి వెళ్లాడు. బావ కుర్చీలో కునుకు తీస్తున్నాడు.

పాడైపోనీ అనుకున్నాను. నాలుగో నిమిషం దాటాక గాని తట్టలేదు, పాడైతే రేపు కూడా ఆయనకొక సాకు దొరుకుతుంది, మళ్లీ నా పేరే చెబుతాడు. సరిగ్గా అయిదుకు బుట్ట ఎత్తాను. మంచినీళ్లలో రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, టీ తెచ్చిన మేనల్లుడిచేత ఏ రీడు ఏ మెట్టుదో చూసి బిగింపించి, ప్రతి మెట్టూ నేనే నొక్కి శ్రుతి సరిచూశాను. జీవితంలో ఎవరికీ అంత శ్రద్ధగా పని చేసిపెట్టలేదు.

మర్నాడు పొద్దున్న సభలో బావ వేలు మూడుచోట్ల తప్పింది. అలవాటుగా పెట్టె మీద తట్టి, చిలుము అనబోయాడు.

"నిన్ననే తీసినాం కద నాన్నా, అద్దంలాగున్నాయి" అన్నాడు మేనల్లుడు.

బావ నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు, ఆయనే తిప్పుకున్నాడు. యాభై ఏళ్లు ఎదురుచూసింది దానికోసమే. అయితే ఆనాడు పందిట్లో నన్ను చూసి నవ్వినవాళ్లలో ఇప్పుడు మిగిలింది ఇద్దరే, ఇద్దరికీ చెవులు వినపడవు. బావ పెట్టె మూసేశాక కూడా వాళ్లు చప్పట్లు కొడుతూనే ఉన్నారు.