అద్దాలు లేకుండా ఎక్కిన దారం

మా మేనత్త రఫూ పని చేస్తుంది. చిల్లు పడ్డ కోటును తిరగేసి, లోపలి మడతలోంచి అదే రంగు దారం లాగి, చిల్లు మీద మళ్ళీ నేత నేస్తుంది. ఆ తర్వాత చిల్లు ఎక్కడుండేదో కోటు తెచ్చినవాళ్ళు కూడా చెప్పలేరు. చదువు మానేసినప్పటి నుంచి నేను ఆవిడ పక్కనే కూర్చుంటున్నాను. అద్దాలు పెట్టుకుంటే అత్తకు నేత కనిపిస్తుంది గానీ సూది బెజ్జం ఆనదు. అందుకని దారం ఎక్కించడం నా పని.

రొమ్ములో గడ్డ తీశాక అత్తకు కీమో మొదలైంది. గడ్డ కన్నా ఆవిడకు కళ్ళ గురించే భయం. "చూపు పోతే ఈ చేతులు దేనికే?" అనేది.

కీమోకి వాంతులు రాకుండా ఏవో మాత్రలు కూడా ఇచ్చారు. రెండోసారి మందెక్కించుకుని వచ్చిన తర్వాత, ఒక ఉదయం అత్త నా చేతిలోంచి సూది లాక్కుంది. అద్దాలు లేకుండానే దారం ఎక్కించేసింది.

"చూశావా! నీ ఉద్యోగం ఊడింది, పో."

"అదెలా అత్తా?"

"ఎలాగేంటి? మందు జబ్బుతో పాటు ముసలితనాన్ని కూడా కడిగేస్తోంది."

మామయ్య టీ తాగుతూ నవ్వాడు. "జుట్టు తీసుకుని కళ్ళిచ్చిందన్నమాట. బేరం బాగానే ఉంది."

నాకు మాత్రం మనసు ఊరుకోలేదు. ముసలి కళ్ళు అంత సులువుగా వెనక్కి తిరుగుతాయా? సూదిని వదిలేసి అత్తనే గమనించసాగాను. నీళ్ళు తాగి గ్లాసు పెట్టీ పెట్టకముందే మళ్ళీ అందుకుంటోంది. గుమ్మంలో నిలబడ్డ మనిషి నోరు విప్పేదాకా ఎవరో పోల్చుకోవడం లేదు. ఎదుటి కొట్టు బోర్డు చదవమంటే, "నాకిప్పుడు అక్షరాభ్యాసమా?" అని కసిరింది.

మూడోసారి మందుకి వెళ్ళినప్పుడు ఆసుపత్రిలో డాక్టరమ్మతో, "వాంతులు లేవు, అంతా బాగుందమ్మా" అని అత్త లేవబోయింది. కొత్తవాళ్ళ ముందు నాకు గొంతు పెగలదు. అయినా చెప్పేశాను.

"దూరంవి కనబడట్లేదండీ. నీళ్ళు తెగ తాగుతోంది."

అత్త నా చెయ్యి గిల్లింది. "ఇన్నాళ్ళకు దీనికి మాటలొచ్చాయి!"

డాక్టరమ్మ వెంటనే రక్తం పరీక్ష చేయించింది. చక్కెర బాగా పెరిగింది. కంటి డాక్టరు చూస్తే కంట్లో ఒత్తిడి కూడా ఎక్కువే. వాంతులకిచ్చిన మాత్రల్లో ఒకటి స్టెరాయిడట. దానివల్ల చక్కెర పెరిగి, కంటి కటకం ఉబ్బి, దగ్గరివి కనబడుతూ దూరంవి మసకబారాయట. ఒత్తిడిని పట్టించుకోకపోతే మాత్రం చూపుకే మోసమట.

"అయితే ఆ మాత్ర మానేస్తాను."

"మీ అంతట మీరు మానకండి. మోతాదు నేను మారుస్తాను" అంది డాక్టరమ్మ. కంటి చుక్కలు కూడా ఇచ్చారు.

చక్కెర అదుపులోకి వచ్చాక ఒక మధ్యాహ్నం అత్త సూదితో కాసేపు కుస్తీ పట్టి, దాన్ని నా వైపు తోసింది.

"తీసుకో. నీ ఉద్యోగం నీకే."

నేను దారం ఎక్కిస్తుంటే ఆవిడ గుమ్మంలోంచి వీధి చివరికి చూసింది.

"అదుగో, బూడిదరంగు కోటాయన మలుపు తిరుగుతున్నాడు. చిల్లు ఇంకా పూడలేదు. కానీ, తొందరగా కానీ!"