ఎస్సైకి నేను చెప్పిన పేరు

పదకొండేళ్లుగా ఒక పేరు నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు నా సంగతి. నేను మర్చిపోయే మనిషిని కాను. ఎనిమిదో తరగతిలో ఎవరిదో పెన్ను పోతే నా ఒక్కడి సంచే వెతికించిన సారు ఆ రోజు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో ఇప్పటికీ చెప్పగలను. ఇరవై ఏళ్ల తర్వాత ఆయన ట్యూషన్ సెంటర్ మీద ఫిర్యాదుల మీద ఫిర్యాదులు రాసి మూయించాను.

మేం ఎరుకలవాళ్లం. తెల్లదొరలు కులాలకు కులాలనే పుట్టుదొంగలని రాసిన పద్ధతి నిజాం ఇలాకాకూ వచ్చింది. మా తాత ఏ దొంగతనమూ చేయలేదు. అయినా ఆ పుట్టుదొంగల రిజిస్టర్లో పేరుంది కాబట్టి రోజూ పొద్దుగూకేసరికి పోలీసు పటేలు ముందు నిలబడి హాజరు పలకాలి. పక్క ఊళ్లో పెళ్లికి పోవాలన్నా చీటీ కావాలి. ఆ చట్టం ఎప్పుడో పోయింది. చట్టం పోయినంత మాత్రాన చూపులు పోతాయా? అందుకే మడికొండ దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నప్పుడు నేను కులం చెప్పలేదు. ఎవరూ అడగలేదంటే అబద్ధం. అడిగారు. మాట మార్చాను.

పక్కింట్లో ఒక రిటైర్డ్ ఆఫీసరు ఉండేవాడు, కాలనీ సంఘానికి పెద్ద. తొర్రూరులో పొలం చూసుకోవడానికి పోయినప్పుడల్లా ఇంటి తాళంచెవి మాకే ఇచ్చి పోయేవాడు. అది మా గోడ మేకుకు వేలాడుతుంటే నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఒక ఆదివారం సాయిలు మామ వచ్చాడు. మా అమ్మకు వరసకు తమ్ముడు. ఈత బరిగెలతో గంపలు అల్లి, బండికి కట్టుకుని తిరిగి అమ్మేవాడు. నేను గేటు దగ్గర ఆఫీసరుతో మాట్లాడుతున్నాను. మామ నన్ను చూసి మా ఇంటి భాషలో పలకరించాడు. అమ్మ పోయాక ఆ భాష చెవిన పడక ఎన్నాళ్లయిందో. ఆలోచించకుండానే అదే భాషలో జవాబిచ్చాను. తిన్నావా అన్నాడు, తిన్నాను అన్నాను. అంతే.

ఇదేం భాష అని ఆఫీసరు అడిగాడు.

"మా ఎరుకలోల్లది సారూ. ఈన మా అల్లుడే," అన్నాడు మామ మురిసిపోతూ. "మేం అల్లితే గంపలైతయ్, ఈన అల్లితే దరఖాస్తులైతయ్."

ఆఫీసరు నవ్వాడు. ఒక గంప కొన్నాడు కూడా. తర్వాతి వారం తొర్రూరు పోతూ తాళంచెవి ఎదురింటివాళ్లకు ఇచ్చాడు. నెల తిరగకముందే ఆయన గోడ మీద కెమెరా వెలిసింది, మా గేటును చూస్తూ.

కోపం ఎవరి మీద రావాలి? ఆఫీసరు మీద వచ్చింది. అంతకంటే ఎక్కువగా మామ మీద వచ్చింది. నేను ఇన్నేళ్లు ప్రాణంలా దాచుకున్నదాన్ని, నన్ను చూసి గర్వపడుతున్నానన్న పేరుతో, ఆ మనిషి నడివీధిలో పరిచిపోయాడు.

ఆ ఎండాకాలం ఆఫీసరు ఇంట్లో బంగారు గొలుసు పోయింది. పోలీసులు మొదట వచ్చింది మా ఇంటికే. అలమరలు తీశారు. బియ్యం డబ్బాలో చేయి పెట్టి చూశారు. మా ఆవిడ గోడకు ఆనుకుని నిలబడింది, నా వైపు చూడలేదు.

"మీవోల్లెవరన్న ఈ దిక్కు తిరుగుతాండ్రా?" అన్నాడు ఎస్సై.

తెలియదు అంటే సరిపోయేది.

"సాయిలు అని ఒకడు తిరుగుతాండు సార్, గంపలమ్మేటోడు. వాళ్ల తాత పేరు పాత రిజిస్టర్ల ఉండె," అన్నాను.

ఆ రిజిస్టర్లో ఆ పేరు పక్కనే మా తాత పేరూ ఉండేది. ఇద్దరూ ఒకే వరసలో నిలబడి హాజరు పలికినవాళ్లు. ఆ ముక్క చెప్పలేదు. భయపడి అన్నానా? కొంత భయమే. కానీ భయపడినవాడు పేరు చెప్పి ఆగుతాడు. వాళ్ల తాతను ఎందుకు లాగాను? ఆ మాట అంటుంటే నోరు తియ్యగా అయింది. అదీ నిజం.

మూడు రోజులు మామను స్టేషన్‌లో పెట్టారు. నాలుగో రోజు గొలుసు ఆఫీసరు కోడలి పుట్టింట్లో, ఆమె మర్చిపోయి వచ్చిన పెట్టెలోనే దొరికింది. మామను వదిలేశారు. కుడిచేతి రెండు వేళ్లు మళ్లీ వంగలేదు. బరిగె చీల్చాలంటే ఆ వేళ్లే కావాలి.

వారం తిరక్కుండా మామ నా దగ్గరికే వచ్చాడు.

"నా పేరు ఎవడో చెప్పిండు అల్లుడా. వాడెవడో తెల్వాలె. జర గట్టిగ ఒక దరఖాస్తు రాయి."

రాశాను. నా జన్మలో అంత బాగా ఏదీ రాయలేదు. "గుర్తు తెలియని వ్యక్తి దురుద్దేశంతో" అని రాసి, కింద గీత కూడా గీశాను. చదివి వినిపించాను. మామ కళ్లు తుడుచుకుని వేలిముద్ర వేశాడు.

ఆ దరఖాస్తుతో ఏదీ తేలలేదు. నేను మాత్రం ఊరుకోలేదు. ఎస్సై బదిలీ అయ్యేదాకా పై అధికారులకు ఉత్తరాలు రాశాను. ఆఫీసరు పర్మిషన్ లేకుండా వేసిన పై అంతస్తు మీద మున్సిపాలిటీని పట్టుకుని వదల్లేదు. దాన్ని కూలగొడుతున్న రోజు మా వసారాలో కూర్చుని, టీ తాగుతూ సుత్తి దెబ్బలు విన్నాను. సంతోషమేసింది. తలుచుకుంటే ఇప్పటికీ వేస్తుంది. మామ కోసం కొట్లాడినోడని మావాళ్లు నన్ను మెచ్చుకుంటారు. పెళ్లిళ్లలో మామ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ అదే చెప్తాడు. నేను అన్నం కలుపుతూ వింటాను.

మామకు చెప్పలేదు. చెప్తే క్షమిస్తాడేమోనని భయం, అలాంటి మనిషే. నేను ఎవరినీ క్షమించినవాణ్ని కాను, నాకు క్షమ వద్దు. ఇది చదివి నన్ను పోల్చుకున్నవాళ్లు మావాళ్లలో ఉంటే, పోయి ఆయనకు చెప్పండి. నా మీద పగ పట్టమనండి. పగ పట్టాలన్నా మనిషి తెలియాలి కదా, ఇన్నేళ్లు ఆయనకు అది కూడా లేకుండా చేశాను. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

నీ పేరు చెప్పింది నేనే, మామా.