అమ్మ గాజులు, నాయిన రొట్టెలు

మా చిన్నప్పుడు... మా ఇంట్లో రొట్టెలు తట్టేది ఒకరు, గాజులు మోగించేది ఇంకొకరు.

నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మాది బీదర్ పక్కన కమఠాణ. తెల్లారితే ఇంటింటా జొన్నరొట్టెల చప్పుడే... టపటపా పిండి తట్టడం, దానితోపాటు గాజుల గలగల. మా అమ్మేమో వరి పండే ఊరి నుంచి వచ్చిన పిల్ల. అన్నం వండమంటే ఊరందరికీ వండిపెట్టేది గానీ, జొన్నరొట్టె మాత్రం ఆమె చేతిలో అంచులన్నీ పగిలిపోయేది. పెనం మీద తిప్పబోతే రెండు ముక్కలు.

మా నాయిన చేస్తే మాత్రం... అబ్బ! పల్చగా, గుండ్రంగా, ఒక్క పగులు ఉండేది కాదు. పెళ్ళికి ముందు చెరుకు నరకడానికి కూలీల ముఠాతో పోయినప్పుడు నేర్చుకున్నాడట. అక్కడ మగవాళ్ళే వంతులు వేసుకుని వండుకునేవాళ్ళు. ఎవరికీ సిగ్గు లేదు. ఊళ్ళోకి రాగానే ఆ సిగ్గు ఎక్కడి నుంచి వచ్చేదో మరి!

అందుకని వంటింటి తలుపు దగ్గరికి వేసి, నాయిన పిండి ముందు కూర్చునేవాడు. అమ్మ పక్కనే కూర్చుని, ఆయన తట్టే దెబ్బకు సరిగ్గా చెయ్యి ఊపుతూ గాజులు మోగించేది. గాజుల చప్పుడు లేని రొట్టెల చప్పుడు వినిపిస్తే చుట్టుపక్కల వాళ్ళకు అనుమానం వస్తుంది కదా... ఒక్కోసారి తాళం తప్పేది. అప్పుడు ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

నా కాపలా వీధి దర్వాజ దగ్గర. ఎవరొచ్చినా నేను చెప్పాల్సింది ఒకటే మాట... "అమ్మ రొట్టెలు చేస్తాంది."

పక్కింటి సంగమ్మక్క అయితే గోడ అవతలి నుంచే మెచ్చుకునేది. "నీ చెయ్యి ఎంత మంచిగ కుదిరిందే చంద్రమ్మా! సప్పుడు ఇంటుంటేనే ఆకలైతాంది."

అమ్మ "ఏదో అక్కా, నీ దయ" అనేది. లోపల నాయిన తల వంచుకుని ముసిముసిగా నవ్వేవాడు.

ఒకరోజు నేను గచ్చకాయల ఆటలో పడి దర్వాజ సంగతి మరిచిపోయాను. హళ్ళిఖేడ్‌లో ఉండే మా పెద్దనాయిన, అంటే నాయిన వాళ్ళ అన్న, చెప్పాపెట్టకుండా వచ్చేశాడు. నేను తలెత్తేసరికి ఆయన వాకిట్లో ఉన్నాడు... గొంతు విని నాయిన ఒక్క ఉదుటున వెనక దర్వాజ గుండా దొడ్లోకి పరుగెత్తి, పిండి చేతులు రెండూ మోచేతుల దాకా బర్రె కుడితిలో ముంచేశాడు. తవుడు కలుపుతున్నట్టు.

పెనం మీది రొట్టె మాడిపోయింది. పెద్దనాయిన వంటింటి ముందు నిలబడి అన్నాడు. "ఏంది చంద్రమ్మా, పదేండ్లయినా నీకు రొట్టె రాకపాయె? మా తమ్ముడు పొద్దుందాక కష్టం జేసొచ్చి గీ మాడినయి తినాల్నా? మీ అవ్వ నీకు ఏం నేర్పిందమ్మా?"

అమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. బావకు ఎదురు మాట్లాడే ఆచారం మాకు లేదు. మాట్లాడాల్సింది నాయిన. దొడ్లో ఆయనకు అంతా వినిపిస్తూనే ఉంది... ఆయన కుడితి కలుపుతూనే ఉన్నాడు. కలిపిందే కలుపుతున్నాడు.

పెద్దనాయిన వెనకే లోపలికి వచ్చిన నేను నోరు తెరిచాను. వెనక దర్వాజలోంచి నాయిన నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే చెప్పేసేదాన్నేమో... బతిమాలుతున్నట్టు చూశాడు. నోరు మూసుకున్నాను.

పెద్దనాయిన వెళ్ళిపోయాక అమ్మను అడిగాను, నాయిన ఎందుకు చెప్పలేదని. "చెప్తే ఆయన ఇజ్జత్ ఏమైతది బిడ్డా? నాదేముంది... నాకు మాటలు పడుడు అలవాటే" అంది. అంటూనే ఆ మాడిన రొట్టె తనే తిన్నది.

నా ఇంట్లో ఇలా జరగనివ్వనని ఆ రోజే అనుకున్నాను. చాలా గట్టిగా అనుకున్నాను.

ఇప్పుడు బీదర్‌లో ఉంటున్నాం. ఇద్దరికీ ఉద్యోగాలే. మా ఆయన రొట్టెలు బాగా చేస్తారు, నాకంటే బాగా. కాకపోతే బెల్ మోగితే చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చేస్తారు. నేను చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని. చిన్న విషయమే కదా అనుకున్నాను...

మొన్న ఆదివారం ఆయన వంటింట్లో రొట్టెలు చేస్తున్నారు, నేను ల్యాప్‌టాప్ ముందు ఆఫీసు పనిలో ఉన్నాను. బెల్ మోగింది. మా ఏడేళ్ళ అన్వి కిటికీలోంచి చూసి వంటింట్లోకి పరుగెత్తింది. వాళ్ళ నాన్న చేతికి తువ్వాలు ఇచ్చి, "నాన్నా, బసవకళ్యాణ్ పెద్దనాన్న వచ్చిండు. నువ్వు జల్ది సోఫాల కూసో. అమ్మా, నువ్వు రొట్టెల కాడికి పో!" అంది. నన్ను లోపలికి తోసి వంటింటి తలుపు వేసింది. తర్వాత వీధి తలుపు తీసిన చప్పుడు... దాని గొంతు.

"కూసో పెద్దనాన్నా. అమ్మ రొట్టెలు చేస్తాంది."

ఆ మాట దానికి ఎవరూ నేర్పలేదు. నేనైతే ఎప్పుడూ చెప్పలేదు.

తలుపు తీసి "చేస్తున్నది నేను కాదు బావగారూ, మీ తమ్ముడే" అంటే అయిపోయేది. అంతే కదా? తలుపు మీద చెయ్యి వేసి, తీయకుండానే నిలబడ్డాను. ఈలోగా పెనం మీది రొట్టె మాడింది. బయటి నుంచి బావగారు నవ్వుతూ అడిగారు. "ఏందమ్మా, మాడిన వాసన వస్తాంది?"

మా ఆయన ఏమైనా అంటారేమోనని ఒక్క క్షణం ఆగాను. టీవీ చప్పుడు కొంచెం పెరిగింది.

"చూసుకోలేదు బావగారూ..." అన్నాను. నా చేతికి గాజులు లేవు. ఉంటే మోగించేదాన్నేమో.

తలుపు సందులోంచి అన్వి నన్ను చూసి నవ్వింది, పని చక్కగా చేశానన్నట్టు. తప్పని చెప్పలేకపోయాను. శభాష్ అనీ అనలేకపోయాను. ఆ రొట్టె ఎవరికీ పెట్టకుండా నేనే తిన్నాను.

ఇప్పుడు కట్టెల పొయ్యి లేదు, బర్రె లేదు, కుడితి లేదు... దర్వాజ దగ్గర కాపలా మాత్రం అలాగే ఉంది. మీ ఇంట్లో బెల్ మోగితే ఎవరు ఎక్కడికి పరుగెత్తుతారు? తలుపు తీసి మీ పిల్లలు ఏం చెబుతున్నారు? నిజం రాయండి... నేను రాశాను కదా.