చప్పుడు ఆగిన మధ్యాహ్నం

పుంగనూరులో, గురప్ప మిద్దె కింద అద్దెగదిలో కూర్చుని, 2008 వేసవిలో కరుణ మూడు ఊళ్లను నడిపేది. నెట్‌వర్కులను కలిపే అసలు రౌటరు పెట్టె కొనలేక దాని సాఫ్ట్‌వేరు ఇమేజ్‌ను పాత కంప్యూటరులో ఆడించేది. ఒక్క ఇమేజ్ నుంచి మూడు రౌటర్లు. వాటికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం అని పేర్లు పెట్టుకుంది. మదనపల్లె మిషన్ ఆస్పత్రి కాంపౌండులో వాళ్లమ్మ వరమ్మ పోయాక, ఆ ఊరి పేరుతో కరుణకు మిగిలిన పని ఆ నల్లటి తెర మీదే.

ఎల్లుండి కుప్పంలో ఒక కాలేజీ వాళ్ల ముందు ఈ మూడూ మాట్లాడుకోవాలి. మాట్లాడుకుంటే ల్యాబులో ఉద్యోగం, నలుగురు మనుషులుండే గది. లేకుంటే మళ్లీ ఈ గోడలే.

రెండు ఊళ్లు లేచేవి. మూడోది లేవగానే కంప్యూటరు బిగుసుకుపోయేది, ఫ్యాను రొద పెట్టేది. మిద్దె మీద ఒంటరిగా కునుకు తీసే గురప్ప అక్కడినుంచే అరిచేవాడు.

"ఏమ్మా, అది కంప్యూటరా, పిండిమిల్లా? రాగులు తెచ్చేదా?"

"తెండప్పా, ఆడించిస్తా!"

పని లేని రౌటరు కూడా ఊరికే తిరుగుతూ ప్రాసెసరంతా తినేస్తుంది. ప్రోగ్రాములో అది ఊరికే తిరిగే చోటేదో కంప్యూటరుతోనే వెతికించి రాసిపెడితే, అక్కడికి రాగానే నిద్రపోతుంది. కరుణ ఎన్నిసార్లు వెతికించినా తప్పు చోటే వచ్చింది. రౌటరు లేచీ లేవగానే ఆమె వేలు ఎంటర్ మీదికి పోయేది. కర్సరు కదిలితే ఎవరో పలికినట్టుండేది. అలా పలకరిస్తుంటే అదెప్పుడు ఖాళీగా ఉంటుంది? ఖాళీగా ఉంటేనే కదా ఆ చోటు దొరికేది.

ఆ రోజు చేతులు ఒళ్లో పెట్టుకుంది. అమ్మ జ్వరంతో పడుకున్నప్పుడు ఇలాగే, పిలవకుండా కూర్చునేది. కిటికీ అవతల వేపపూత రాలుతోంది. చాలాసేపటికి వెతికించి, దొరికింది రాసిపెట్టి, మూడు ఊళ్లనూ లేపింది.

ఫ్యాను మెల్లగా అణిగింది. మదనపల్లె నుంచి కుప్పానికి వరసగా ఐదు పిలుపులు పంపింది. తెర మీద జవాబు రానిదానికి ఒక చుక్క, దాని వెనక జవాబొచ్చినవాటికి నాలుగు ఆశ్చర్యార్థకాలు. చూపిద్దామని పక్కకు తిరిగింది. ఖాళీ కుర్చీ.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఆయాసపడుతూ గురప్ప గడపలో నిలబడ్డాడు.

"ఏమ్మా, బాగుండావా? మోత నిలిచిపాయనే అని వచ్చినా."

"బాగుండానప్పా. పనైపోయింది. కుప్పం పోతాండాను."

ఆయన తెర వైపు వంగాడు. "ఈ చుక్క యాల?"

"మొదటి పిలుపు అడ్రసు వెతుక్కునే దాంట్లోనే పోతాదప్పా."

గురప్ప ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అట్లయితే ఇంకోతూరి పిలువు. సూస్తా."

ఈసారి చుక్క రాలేదు.