మొదటి కుర్చీ

ఆళ్లగడ్డలో సుందరరాజుకు రెండు పనుల్లో పేరుంది. ఒకటి, శిల్పాల షెడ్డులో విగ్రహాలకు మెరుగు పెట్టడం. చెక్కేది వేరేవాళ్లు, నునుపు తేల్చేది ఆయన. రెండోది, పవిత్ర గురువారం నాడు మా గుడిలో పేతురుగా కూర్చోవడం.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఏసు తన శిష్యుల కాళ్లు కడిగినదానికి గుర్తుగా, ఆ సాయంత్రం పూజలో మా ఫాదర్ పన్నెండు మంది కాళ్లు కడుగుతారు. పీఠం ముందు పన్నెండు కుర్చీలు వేస్తారు. మొదటిది శిష్యుల్లో పెద్దవాడైన పేతురుది. పదకొండేళ్లుగా అది సుందరరాజుది. ఎవరిచ్చారని అడక్కండి. మొదటి ఏడాది కూర్చున్నాడు, ఆ తర్వాత వదల్లేదు.

ఆ వారమంతా ఆయన పాదాలకు పెళ్లికళే. విగ్రహాలకు వాడే సానరాయితోనే మడమలు రుద్దుకునేవాడు. భార్య ఏసమ్మ రోజూ కొబ్బరినూనె రాయాలి. గురువారం మధ్యాహ్నం సబ్బుతో రెండుసార్లు కడుక్కొని, దుమ్ము తగలకుండా ఆటోలో గుడికొచ్చేవాడు. ఇక ఫాదర్ కడగడానికి అక్కడ ఏం మిగులుతుంది? నేను పాటల బృందంలో ఆ కుర్చీకి ఎదురుగానే నిలబడతాను. ఆయన కాలు చాపి, కళ్లు మూసుకొని, స్వర్గంలో సగం దూరం వెళ్లినవాడిలా కూర్చుంటే నాకు ఒళ్లు మండేది.

అలాగని అన్యాయంగా మాట్లాడకూడదు. జపమాల తప్పేవాడు కాదు. ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలంలో మాంసం ముట్టేవాడు కాదు. పరిశుద్ధుడు కావాలని ఆయనకు నిజంగానే ఉండేది. కాకపోతే ఎంత దూరం వచ్చానా అని అడుగడుక్కీ వెనక్కి తిరిగి చూసుకునేవాడు.

ఈ ఏడు కొత్త ఫాదర్ వచ్చారు. ఆ గురువారానికి ముందొచ్చే మ్రానికొమ్మల ఆదివారం ప్రసంగం చివర చల్లగా ఒక మాట అన్నారు. "గురువారం ఈ కుర్చీల్లో కూర్చునేవాళ్లు, ఆలోపు తాము మాట్లాడడం మానేసిన మనిషి కాళ్లు కడిగి రండి. కడిగారా లేదా అని నేను అడగను. కూర్చునేటప్పుడు మీకే తెలుస్తుంది."

సుందరరాజు ముఖం చూడాలి. అడుగుతానంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అడగనంటే ఏం చేస్తాడు పాపం!

మర్నాడే తేలిక దారి వెతుక్కుంటూ షెడ్డు పక్కన టీ అంగడి బుడేన్ దగ్గరికి వెళ్లాడు.

"బుడేనూ, మనిద్దరికీ మాటల్లేవనుకో. నీ కాళ్లు కడుగుతా."

"ఇప్పుడు మాట్లాడతాండావ్ గదప్పా!"

"అనుకోమంటి గదా."

"రోజుకు అయిదు మార్లు నమాజుకు ముందు కడుక్కుంటాండా. నా కాళ్ల మీద నీకు మురికి యాడ దొరుకుతాది? టీ తాగిపో."

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే ఏసమ్మ నవ్వలేదు. "ఊరంతా ఎందుకు తిరుగుతాండావయ్యా? శ్యాంసుందర్ ఉండాడు గదా," అంది. ఆ పూట సుందరరాజు అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

శ్యాంసుందర్ ఆయన తమ్ముడు. నంద్యాలలో బస్టాండుకు దగ్గర్లో మోటార్ల వైండింగ్ అంగడి నడుపుతాడు. పెళ్లయ్యాక భార్య నాగజ్యోతి వాళ్ల ప్రార్థన మందిరానికి మారాడు. అక్కడ విగ్రహాలకు మొక్కరు, జపమాల చెప్పరు. ఆరేళ్ల కిందట వాళ్లమ్మ చనిపోయినప్పుడు, సమాధి గుంట దగ్గర అందరితోపాటు అతనూ పిడికెడు మన్ను తీసుకున్నాడు. "జపమాల పట్టని చేత్తో మా అమ్మ మీద మన్నెయ్యొద్దు," అని సుందరరాజు ఆ చేతిని తట్టేశాడు. మన్ను కింద పడింది. శ్యాంసుందర్ అట్నుంచటే వెళ్లిపోయాడు. అప్పట్నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. నేనూ అక్కడే ఉన్నాను. మేమెవ్వరం నోరు తెరవలేదు. అందుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

గురువారం దాకా సుందరరాజు నాన్చాడు. ఆ రోజు మధ్యాహ్నం ఒక తువ్వాలు, కొత్త సబ్బు సంచిలో పెట్టుకొని నంద్యాల బస్సెక్కాడు. రెండింటికి తమ్ముడి అంగడి ముందు నిలబడ్డాడు. అక్కడ జరిగింది నాకు నాగజ్యోతి చెప్పింది. సుందరరాజు కూడా చెప్పాడు గానీ, ఆమె చెప్పిందే నమ్మొచ్చు.

"ఏందన్నా, ఈడికొచ్చినావ్?" అన్నాడు శ్యాంసుందర్, రాగితీగ చుట్టడం ఆపకుండా.

"కాళ్లు చాపురా. కడగల్ల."

తమ్ముడి ముందు అబద్ధమాడడం సుందరరాజుకు చేతకాలేదు. ఫాదర్ పెట్టిన షరతూ, కుర్చీ సంగతీ మొత్తం చెప్పేశాడు. తమ్ముడు పడీపడీ నవ్వాడు. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"పూజ ఎన్నింటికి?"

"ఆరింటికి."

"ఏ బస్సుకు పోతే అందుతాది?"

"నాలుగింటిది. అది తప్పితే అందదు."

"అట్లయితే నాలుగు దాటినాక కడుగు. ఇప్పుడు కడిగితే నీ కుర్చీ కోసం కడిగినట్టు. అప్పుడు కడిగితే నాకోసం కడిగినట్టు."

సుందరరాజుకు కోపం ముంచుకొచ్చింది. నాగజ్యోతి పెట్టిన అన్నం తిన్నాడు, మజ్జిగ తాగాడు, గడియారం చూశాడు. నాలుగుకు పది నిమిషాలుందనగా సంచీ తీసుకొని, చెప్పకుండా బస్టాండుకు వెళ్లిపోయాడు.

బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. రెండోది లేవలేదట. "ఎక్కితే ఎక్కు, లేకుంటే దిగుప్పా!" అని కండక్టరు కసిరాడు. దిగాడు.

ఎందుకు దిగావని తర్వాత నేనే అడిగాను. ఆరేళ్లుగా ఆ కుర్చీలో కాలు చాపిన ప్రతిసారీ, మన్ను జారిపోయిన తమ్ముడి ఖాళీ చెయ్యి కనబడేదట. అందుకే కళ్లు మూసుకునేవాడట. నేనేమో అది గర్వమనుకొని ఆరేళ్లు ఆయన్ను మనసులో తిట్టుకుంటూ పాటలు పాడాను. పూజలో నిలబడి నేను చేసిన నిర్వాకం అది.

ఆయన తిరిగొచ్చేసరికి అంగడి ముందు గోస్పాడు రైతు ఒకతను మోటారు కోసం కూర్చొని ఉన్నాడు. శ్యాంసుందర్ అన్నను చూశాడు, గడియారం చూశాడు, మళ్లీ పనిలో పడ్డాడు. మోటారు ఇచ్చి పంపేసరికి అయిదున్నర దాటింది. అప్పుడు స్టూలు మీద కూర్చొని చెప్పులు విడిచాడు. గ్రీజు, దుమ్ము, పగిలిన మడమలు. నాగజ్యోతి బకెట్టుతో నీళ్లు తెచ్చింది. సుందరరాజు నేల మీద కూర్చున్నాడు.

ఇక్కడ గుడిలో మా కంగారు మాది. పన్నెండు కుర్చీలు వేసేశారు, పదకొండు మందే ఉన్నారు. ఏసమ్మ నా పక్కనే నిలబడి ఫోన్ చేసింది.

"యాడుండావయ్యా? గంట కొట్టేసినారు! నీ కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టేదని ఫాదర్ అడుగుతాండాడు."

"ఎవర్నన్నా కూర్చోబెట్టుకోమను," అంది ఫోన్లో సుందరరాజు గొంతు. "నాకింకా ఒక కాలుండాది కడగల్ల."

ఏసమ్మ ఫోన్ కట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. ఎవరూ ఏమీ అనకముందే తనే వెళ్లి ఆ మొదటి కుర్చీలో కూర్చుంది.

అక్కడ సుందరరాజు తమ్ముడి రెండో కాలు పట్టుకొని, "అమ్మ మీద మన్నెయ్యనీకపోతి గదరా నిన్ను," అన్నాడట. అని వెక్కి వెక్కి ఏడ్చాడట.

శ్యాంసుందర్, "ఈస్టరు పండగనాడు వస్తా. ఇద్దరం అమ్మ కాడికి పోదాం," అన్నాడు.

సుందరరాజు తలూపి, కడిగిన కాలే మళ్లీ కడగడం మొదలుపెట్టాడు. "చాలు లేన్నా, తోలు లేచిపోతాంది," అని తమ్ముడు అరిచేదాకా ఆపలేదు.