ఫోటోలో మధ్యన మంగ

కొల్లేటి గురించి అటవీశాఖ ఒకటంటే మత్స్యశాఖ ఇంకొకటనేది. ఇరిగేషన్ వాళ్లు అసలు నోరే విప్పేవారు కాదు. అలాంటి ఆఫీసర్లను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడమే ఏలూరులో కృపావరం ఉద్యోగం. సరస్సులో తవ్విన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడాది అతను నానా తంటాలు పడి ఆ మూడు శాఖలనూ ఒకే బల్ల చుట్టూ చేర్చాడు. సరస్సు మధ్య లంక ఊళ్లో చేపలు పట్టుకు బతికే మంగను కూడా, ఊళ్లోవాళ్ల మాట చెప్పడానికి రమ్మన్నాడు.

ఆవిడ వచ్చేసరికి లోపల ఆఫీసర్లు మొదటిసారి ఒకరి మాట ఒకరు వింటున్నారు. ఆవిణ్ణి చూస్తే తప్పు మాది కాదంటే మాది కాదని మళ్లీ మొదలెడతారేమోనని కృపావరం భయపడ్డాడు.

“కాసేపు వరండాలో కూర్చోండమ్మా, నేనే పిలుస్తాను,” అని తలుపు దగ్గరగా వేశాడు.

పిలవలేదు. భోజనాల వేళకు అందరూ ఒక మాట మీదకు వచ్చారు. అప్పుడు బయటికొచ్చి, “మీటింగు అయిపోయిందమ్మా,” అన్నాడు.

“పర్లేదండీ,” అంది మంగ. “నవ్వులు వినపడ్డాయండీ. పని బాగా అవుతోంది కదా అని ఊరుకున్నానండీ.”

ఇంతలో ఫోటో తీసే అతను వచ్చాడు. మంగను ఆఫీసర్ల మధ్యలో నిలబెట్టారు. నిలబెట్టింది కృపావరమే.

ఆ ఫోటో అతని ఆఫీసు గోడమీద ఉంది. చూసినవాళ్లు, “ఊళ్లోవాళ్లని కూడా కూర్చోబెట్టి మాట్లాడించారన్నమాట,” అని మెచ్చుకుంటారు. కృపావరం కాదనడు. టీ తెప్పిస్తాడు.