ట్రైలర్లో దయ్యమైన టీచరమ్మ

అమ్మణ్ణి టీచరుకు భయపడిన ప్రాణి ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్ళ బడుల్లో ఒకటో తరగతి చెప్పి చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ బెత్తం చేతబడితే పిల్లలు దాన్ని లాక్కుని గుర్రం చేసుకుని ఎక్కేవాళ్ళు. కళ్ళెర్రజేస్తే, "టీచర్, కంట్లో నలుసు పడిందా?" అంటూ ఊదడానికి వచ్చేవాళ్ళు.

ఇంటి దగ్గరా అదే వైభోగం. చిల్లకల్లు నుంచి వచ్చి పాలు పోసే రూబెన్, పాలల్లో నీళ్ళు కలిపేవాడు కాదు పాపం, నీళ్ళలో పాలు కలిపేవాడు. "ఏం రూబెనూ, మీ గేదె నీళ్ళు బాగా తాగుతున్నట్టుందే?" అని ఆవిడ అడిగితే, "ఎండలు కదమ్మగారూ" అనేవాడు, డిసెంబరు చలిలో కూడా. ఎదురింటి వరప్రసాదరావు తన గేటు ముందు నిలిపితే కారు మీద కాకులు రెట్ట వేస్తున్నాయని, తెచ్చి ఈవిడ గేటుకు అడ్డంగా పెట్టేవాడు. ఆవిడ భర్త కుటుంబరావు కూడా రిటైరైనవాడే. "నువ్వు గట్టిగా అడగవు, అదే నీతో వచ్చిన చిక్కు" అని పేపరు చాటు నుంచి చాలా గట్టిగా అనేవాడు. తను మాత్రం గేటు దాకా వెళ్ళిన పాపాన పోలేదు.

వీటిలో దేన్నీ అమ్మణ్ణి పట్టించుకునేది కాదు. ఎందుకంటే సాయంత్రమయ్యేసరికి ఆవిడ వరండా నిండిపోయేది. వీధిలోని చిన్నపిల్లలందరూ పలకలు పట్టుకుని దిగేవాళ్ళు. ఎక్కాలు, గుణింతాలు, మధ్యలో మరమరాలు. పక్కింటి బ్యాంకు ఉద్యోగి వాగ్దేవి కూతురు అమూల్య అయితే టీచరమ్మ ఒళ్ళోనే కూర్చుని ఏడో ఎక్కం చదివేది. మెట్టెక్కిన ప్రతి వాళ్ళనూ అమ్మణ్ణి అడిగే మొదటి మాట ఒకటే: "అన్నం తిన్నావా?" సాయంత్రం అయిదింటికి అన్నమేమిటని ఎవరూ అనేవాళ్ళు కాదు. మీటరు రీడింగుకొచ్చిన కుర్రాణ్ణీ అదే అడిగేది, ఓట్లకొచ్చిన నాయకుణ్ణీ అదే అడిగేది. ఆ గంటా గంటన్నరే ఆవిడకు రోజంతా.

ఇలా ఉండగా సుశాంత్ దిగాడు. ఆవిడ దగ్గర అ ఆలు దిద్దినవాడే, ఇప్పుడు హైదరాబాదులో ట్రైలర్లు కట్ చేస్తాడు. అంటే సినిమా తీసేవాడు కాదు, తీసిన సినిమాకు రమ్మని జనాన్ని బెదిరించేవాడు. పక్కవీధిలో పైకప్పు కూలిన పాత ఇంట్లో "గడియ తీయకు" అనే సినిమా షూటింగ్ జరుగుతుంటే తనూ కెమెరా పట్టుకుని వచ్చి, టీచర్ని పలకరించడానికి ఇంటికొచ్చాడు.

ఆరోజు శుక్రవారం. అమ్మణ్ణి తలంటుకుని, నెరిసిన జుట్టంతా విరబోసుకుని, డాబా మెట్ల మీద కూర్చుని సాంబ్రాణి పొగ వేసుకుంటోంది. పొగ మధ్యలో ఆవిడ వీపు చూడగానే శిష్యుడికి గురుభక్తి పొంగింది.

"టీచర్! ఒక్కసారి ఇటు చూడండి!"

ఆవిడ మెల్లగా తల తిప్పి, పొగకు కళ్ళు చికిలించి, వాణ్ణి గుర్తుపట్టి, కళ్ళు పెద్దవి చేసి అడిగింది: "అన్నం తిన్నావా?"

"షాట్ అయ్యాక తింటా టీచర్" అన్నాడు వాడు. షాట్ అయిపోయిందన్న సంగతి ఆవిడకు తెలియదు.

నెల తిరక్కుండా ట్రైలర్ వచ్చింది. ముందు ఓ గేటు కిర్రుమంటుంది. ఆ తర్వాత ఊగుతున్న ఓ ఆటబొమ్మ. బొమ్మ లేకుండా దయ్యాల ట్రైలర్ తీయకూడదని ఎవరో శాసనం చేసినట్టున్నారు. "ఈ ఇంట్లో మీరు ఒంటరిగా లేరు" అని అక్షరాలు పడతాయి. స్నానాల గది దగ్గర పొద్దున్నే వరసలో నిలబడే జనానికి ఇదేమంత కొత్త కబురో మరి! ఆపైన చప్పుడంతా టక్కున ఆగిపోతుంది. ఏమీ వినబడదు. ఫోను పాడైందేమోనని చెవి దగ్గర పెట్టుకుంటామా, సరిగ్గా అప్పుడే పొగ, పొగలోంచి విరబోసిన నెరిసిన జుట్టు, మెల్లగా తిరిగే మొహం, పెద్దవయ్యే కళ్ళు, తెరుచుకునే నోరు, ఆ నోట్లోంచి ఏ జంతువుదో తెలియని ఓ గుర్రు. ధబేల్‌మని ఒకటి కొట్టి, సినిమా పేరు.

జగ్గయ్యపేటలో ఫోనున్న ప్రతి ఇంట్లోనూ ఆ గుర్రు వినబడింది. అమ్మణ్ణిని రోజూ చూసేవాళ్ళు కూడా ఉలిక్కిపడ్డారు. దయ్యాల మీద నమ్మకం లేదని చెప్పే వరప్రసాదరావు, మర్నాడు పొద్దున్నే కారు తీసి తన గేటు ముందే పెట్టుకున్నాడు. కాకుల సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నాడు కాబోలు. రూబెన్ "స్తోత్రం, స్తోత్రం" అని గొణుక్కుంటూ పాలు పోసి, వెనక్కి తిరిగి చూడకుండా బండెక్కాడు. ఆ పాలు కాస్తే మీగడ కట్టింది! కుటుంబరావు కాఫీ గుక్క మింగి కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మణ్ణీ, ఇన్నాళ్ళకి నీకు ఊళ్ళో ఓ గౌరవం ఏడ్చింది" అన్నాడు.

ఆ సాయంత్రం వరండాలోకి ఒక్క పిల్లా రాలేదు. మర్నాడూ రాలేదు. మరమరాల డబ్బా మూత తీసి పెట్టుకుని ఆవిడ గేటు వైపే చూస్తూ కూర్చుంది. వాగ్దేవి ప్రహరీ మీంచి తొంగిచూసి, "అమూల్యకి కాస్త జలుబుగా ఉందండీ టీచర్ గారూ" అంది. ఇంట్లో పిల్ల అరుపులూ గెంతులూ వీధి చివరిదాకా వినబడుతున్నాయి. మంచి ఆరోగ్యమైన జలుబు. అమ్మణ్ణి పలకరిద్దామని ప్రహరీ దగ్గరికి వెళ్ళేసరికి, అమూల్య ఆవిణ్ణి చూసి కెవ్వున అరిచి లోపలికి పారిపోయింది. అమ్మణ్ణికి ఎంత బాధ కలిగిందంటే, భర్త పోసిచ్చిన చిక్కటి కాఫీ కూడా ఆవిడ ముట్టుకోలేదు.

సుశాంత్‌కి ఫోన్ చేసింది. "ఏరా, నేనేమన్నాను, నువ్వేం చేశావు?"

"టీచర్, మీ షాటే హైలైట్! భయం కంట్లో ఉండదు టీచర్, చెవిలో ఉంటుంది. చప్పుడంతా ఆపేస్తాం, జనం చెవులు రిక్కిస్తారు, అప్పుడు ఒక్కటి కొడతాం. అంతే, చచ్చినట్టు టికెట్ కొంటారు."

"సినిమాలోనైనా నేను దయ్యాన్ని కాదని చెబుతారా?"

"సినిమాలో మీరు లేరు కదా టీచర్. ట్రైలర్ పని పిలవడమే. పిలిచిన మనిషి ఇంట్లో ఉండాలనేముంది?"

ఆవిడకు నమ్మకం కుదరలేదు. సినిమా విడుదల కాగానే, పేటలోనైతే అందరూ గుర్తుపడతారని, భర్తను వెంటబెట్టుకుని నందిగామ బస్సెక్కి అక్కడి థియేటర్లో సినిమా చూసింది. వాడు చెప్పింది నిజమే. రెండుగంటల పైన బొమ్మ ఊగింది, గేటు కిర్రుమంది, హీరో మేడెక్కి దిగాడు. ఇంటర్వెల్ తర్వాత జనం కుర్చీలు చరుస్తూ, "ముసలమ్మేదిరా? ముసలమ్మని చూపించండిరా!" అని గోల. ముసలమ్మ ఏ వరసలో కూర్చుని పాప్‌కార్న్ నములుతోందో వాళ్ళకేం తెలుసు? బయటికొచ్చేటప్పుడు ఒకడు తేల్చేశాడు: "సినిమాలో దయ్యం ఉత్తదేరా. ట్రైలర్లోది మాత్రం అసలుది, అందుకే మళ్ళీ దొరకలేదు."

ఆ మాట వాళ్ళకంటే ముందే పేటకు చేరింది. సినిమా వారంలోపే ఎత్తేశారు గానీ, అమ్మణ్ణి దయ్యం మాత్రం నిలిచిపోయింది.

ఆదివారం పొద్దున ఆవిడ చీర మార్చుకుని ఫోను చేతిలోకి తీసుకునేసరికి కుటుంబరావు పేపరు దించాడు.

"ఎక్కడికి?"

"వాగ్దేవి ఇంటికి. పిల్లకి అసలు సంగతి చెప్పొస్తా."

"చెబుతువుగానీలే, ఓ రెణ్ణెల్లు పోనీ. గేటు ముందు కారు లేదు, పాలు పాలలాగా ఉన్నాయి. నీకేం తక్కువైంది చెప్పు?"

"మీకు మీగడ కావాలి. నాకు పిల్లలు కావాలి" అని ఆవిడ చెప్పులేసుకుంది. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

వాగ్దేవి తలుపు తీసి మొహమాటంగా నవ్వింది. అమూల్య సోఫా వెనక్కి దూరింది. అమ్మణ్ణి సోఫాకి ఇవతల చాపేసుకుని కూర్చుని, ఫోన్లో చప్పుడు పూర్తిగా తీసేసి, తన ముక్క వరకూ ట్రైలర్ పెట్టింది.

"అమూల్యా, రావద్దులే, అక్కణ్ణించే చూడు. చప్పుడు లేదు. ఈవిడ ఏం చేస్తోందో నువ్వే చెప్పు."

సోఫా మీంచి ఒక కన్ను పైకొచ్చింది. "జుట్టు ఆరబెట్టుకుంటోంది."

"ఇంకా?"

"ఇంకోసారి పెట్టు." ఇప్పుడు రెండు కళ్ళూ వచ్చాయి. "ఏదో అడుగుతోంది."

అమ్మణ్ణి మళ్ళీ పెట్టింది. మళ్ళీ పెట్టింది. పిల్ల సోఫా దిగి వచ్చి, ఫోను మీదికి వంగి, తెర మీద నోటితో పాటు తన నోరూ కదపడం మొదలుపెట్టింది. ఉన్నట్టుండి మొహం వెలిగిపోయింది.

"అన్నం తిన్నావా! అన్నం తిన్నావా అంటోంది! అమ్మా, టీచరమ్మ అన్నం తిన్నావా అంటోందే!"

వాగ్దేవి వచ్చి చూసింది. ఒకసారి తెలిశాక ఇంకోలా కనబడలేదు. "అయ్యో టీచర్ గారూ!" అని తల పట్టుకుంది.

"ఎవర్ని అడిగావు?" అంది అమూల్య, తనకు తెలియకుండానే ఒళ్ళోకి చేరిపోయి.

"సుశాంత్ అని, నీలాగే నా దగ్గర పలక పట్టినవాడు."

"తిన్నాడా?"

"లేదే తల్లీ. నువ్వు తిన్నావా?"

"లేదు. నువ్వు అడగలేదుగా" అంది పిల్ల. అమ్మణ్ణికి కళ్ళనీళ్ళు తిరిగాయి, దాచుకోనూ లేదు.

వాగ్దేవి ఊరుకుందా? దృశ్యం ట్రైలర్లోదే, గొంతు అమూల్యది, ముద్దుముద్దుగా "అన్నం తిన్నావా?" అని పలికించి వీధి గ్రూపులో పెట్టేసింది. మధ్యాహ్నానికల్లా చిల్లకల్లు దాకా పోయింది. సాయంత్రానికి వరండా నిండింది. పిల్లలందరూ జుట్టు మొహం మీదికి వేసుకుని, నేను దయ్యం, కాదు నేను దయ్యం అని కొట్టుకున్నారు. ఎక్కాలు ఎవరూ చదవలేదు. మరమరాల డబ్బా మాత్రం ఖాళీ అయింది.

మర్నాడు పొద్దున గేటు తీయబోతే తెరుచుకోలేదు. అవతల వరప్రసాదరావు కారు. సందులోంచి రూబెన్ చెయ్యి లోపలికి పెట్టి పాలు పోశాడు. గిన్నె అడుగు తళతళా కనబడుతోంది. వెనకాల కుటుంబరావు గిన్నెలోకి చూసి మూలిగాడు.

"అమ్మణ్ణీ, ఆ మొహం ఒక్కసారి పెట్టవే. నా కోసం!"

ఎంతైనా కట్టుకున్నవాడు. అమ్మణ్ణి ముడి ఊడదీసి జుట్టు ముందుకు వేసుకుంది. గేటు మీదికి వంగి, మెల్లగా తల తిప్పి, కళ్ళు పెద్దవి చేసి, రూబెన్ వైపు నోరు తెరిచింది.

"తిన్నానమ్మగారూ," అన్నాడు రూబెన్ బండి స్టార్ట్ చేస్తూ, "చద్దన్నం తినే బయల్దేరా."